ఎమ్మెల్యే ఎలక్షన్‌లో ఓడిపోయాక ఏం చేయాలి: ఆ రోజు సాయంత్రం నుంచి మళ్లీ నామినేషన్ దాకా

ఎలా గెలవాలో చెప్పేవాళ్లు వీధికి పదిమంది దొరుకుతారు, ఓడిపోయాక ఏం చేయాలో చెప్పేవాళ్లు మాత్రం కనపడరు. ఏపీలో 175 సీట్లు, తెలంగాణలో 119, ఒక్కో సీటుకి ఎంతమంది నిలబడ్డా గెలిచేది ఒక్కరే కదా, మిగతావాళ్లలో చాలామంది కౌంటింగ్ హాల్ నుంచి బయటికొచ్చి ఫోన్ స్విచాఫ్ చేసి ఓ పదిహేను రోజులు ఎవరికీ కనిపించకుండా పోతారు. ఆ బాధ నాకు తెలుసు, పోటీ చేసినవాళ్ల పక్కన కూర్చుని లెక్కలు రాసినవాణ్ని, తప్పు పట్టట్లేదు. కానీ చట్టం మీ బాధ చూసి ఆగదు, రిజల్ట్ డిక్లేర్ చేసిన రోజు నుంచే మూడు గడువులు మొదలైపోతాయి, 7 రోజులు, 30 రోజులు, 45 రోజులు. ఈ మూడూ దాటిపోయాక ఎంత పెద్ద లాయర్‌ని పెట్టుకున్నా పెద్దగా చేసేదేం ఉండదు. అందుకే ఇది కాస్త వివరంగా రాస్తున్నా, పార్టీ టికెట్ మీద పోటీ చేసినా ఇండిపెండెంట్‌గా చేసినా ఇదే వర్తిస్తుంది.

ముందు కౌంటింగ్ హాల్ సంగతి. తేడా తక్కువగా ఉంది, ఏదో రౌండ్‌లో లెక్క తప్పిందని అనుమానం ఉంది అంటే రీకౌంటింగ్ అడగాల్సింది అక్కడే, అప్పుడే. రిటర్నింగ్ ఆఫీసర్ మొత్తం ఓట్లు చదివి వినిపించాక ఫైనల్ రిజల్ట్ షీట్, అంటే ఫారం 20 మీద సంతకం పెట్టే లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి, ఎందుకు అడుగుతున్నారో కారణం కూడా రాయాలి. నోటితో అరిస్తే అది అప్లికేషన్ అవ్వదు. ఆర్వో ఒప్పుకోవచ్చు, తోసిపుచ్చొచ్చు, తోసిపుచ్చితే కారణం రికార్డ్ చేయాలి, ఆ కాపీ అడిగి తీస్కోండి, రేపు కోర్టుకెళ్తే అదే మొదటి కాగితం. 2019లో విజయవాడ సెంట్రల్‌లో బొండా ఉమా 25 ఓట్లతో ఓడిపోయారు, లక్షకు పైగా ఓట్లు పోలైన సీట్లో 25 అంటే ఓ ఏడెనిమిది కుటుంబాలు. అలాంటి చోట ఏజెంట్లు అలిసిపోయి ఇళ్లకి పోకుండా చివరి సంతకం దాకా కూర్చోవాలి.

హాల్ వదిలేముందు ఇంకో పని కూడా ఉంది, మీ పోలింగ్ ఏజెంట్ల దగ్గరున్న ఫారం 17సీ కాపీలన్నీ ఒకే చోటకి తెప్పించండి. పోలింగ్ అయిపోగానే ఆ బూత్‌లో ఎన్ని ఓట్లు పడ్డాయో రాసి ప్రిసైడింగ్ ఆఫీసర్ ఏజెంట్లకి ఇచ్చే కాగితం అది. ఓడిపోయాక ఎవరి జేబులో ఉన్నది వాళ్ల జేబులోనే ఉతుక్కుపోతుంది, వారం తర్వాత అడిగితే ఒక్కరి దగ్గరా ఉండదు. దీని ఇంకో ఉపయోగం కింద చెప్తా.

డిపాజిట్ గురించి చాలామందికి సగమే తెలుసు. అసెంబ్లీకి జనరల్ అభ్యర్థి కట్టేది 10 వేలు, ఎస్సీ ఎస్టీ అభ్యర్థులు 5 వేలు. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు కన్నా ఎక్కువ వస్తే తిరిగొస్తుంది, సరిగ్గా ఆరో వంతు వచ్చినా రాదు, దాటాలి. చెల్లిన ఓట్లు లక్షా ఎనభై వేలు అనుకోండి, 30 వేలు వస్తే పోతుంది, 30,001 వస్తే వస్తుంది. నోటా ఓట్లు ఈ లెక్కలోకి రావు కాబట్టి అవి తీసేసి చూస్కోండి, పోస్టల్ బ్యాలెట్లు మాత్రం కలపాలి. రెండు అసెంబ్లీ సీట్లలో నిలబడ్డవాళ్లకి రెండు చోట్లా ఆరో వంతు దాటినా ఒక్క డిపాజిటే తిరిగిస్తారు, రెండోది పోయినట్టే. డబ్బు కట్టినప్పటి రసీదు జాగ్రత్తగా పెట్టి ఆర్వో ఆఫీస్‌లో రాసివ్వండి. పది వేలే కదా అని వదిలేస్తారు కానీ డిపాజిట్ దక్కించుకున్నానని ఊళ్లో చెప్పుకోవడానికి ఆ కాగితమే సాక్ష్యం, పల్లెల్లో డిపాజిట్ పోయిందన్న మాట ఎన్నేళ్లయినా వెంటాడుతుంది.

ఇక 7 రోజుల గడువు. ఈవీఎంల మీద అనుమానం ఉంటే 2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఒక దారి వచ్చింది, రెండో స్థానంలో, మూడో స్థానంలో వచ్చిన అభ్యర్థులు రిజల్ట్ వచ్చిన 7 రోజుల్లోపు రాతపూర్వకంగా అడిగితే ఆ నియోజకవర్గంలో 5 శాతం మిషన్లని ఇంజనీర్లు చెక్ చేస్తారు, ఖర్చు ముందు మీరే కట్టాలి, ట్యాంపరింగ్ తేలితే తిరిగిస్తారు. ఏ బూత్ మిషన్లు కావాలో మీరే నంబర్లు ఇవ్వొచ్చు, అందుకే గుడ్డిగా ఇవ్వకండి, 17సీలో రాసిన ఓట్లకీ కౌంటింగ్‌లో వచ్చిన ఓట్లకీ తేడా ఉన్న బూత్ ఏదైనా ఉంటే అది ముందు పెట్టండి. తేడా ఎక్కడా లేకపోతే ఆ డబ్బు మిగుల్చుకోండి అనేది నా సలహా, ఎందుకంటే ఓటమికి కారణం మిషన్‌లో లేదు అని మీ కాగితాలే చెప్తున్నాయి కదా.

ఇప్పుడు అసలు ప్రమాదం ఉన్నచోటికి వద్దాం, ఖర్చుల లెక్క. గెలిచినా ఓడినా, డిపాజిట్ పోయినా, ఒక్క రూపాయి ఖర్చు పెట్టకపోయినా సరే, పోటీలో ఉన్న ప్రతి అభ్యర్థీ రిజల్ట్ వచ్చిన 30 రోజుల్లోపు జిల్లా ఎన్నికల అధికారి దగ్గర లెక్క దాఖలు చేయాలి. చేయకపోయినా, చేయాల్సిన పద్ధతిలో చేయకపోయినా, సరైన కారణం చూపించకపోతే ఈసీ మూడేళ్లు అనర్హులుగా ప్రకటించొచ్చు, ప్రజాప్రాతినిధ్య చట్టం 10ఏ సెక్షన్. ఆ మూడేళ్లలో ఎమ్మెల్యేకీ ఎంపీకీ ఎమ్మెల్సీకీ నిలబడటానికి లేదు. ఓటమి మిమ్మల్ని రాజకీయాల నుంచి బయటికి పంపదు, ఈ ఒక్క కాగితం పంపిస్తుంది. చిన్న అభ్యర్థులే దీనికి ఎక్కువ బలవుతారు, ఓడిపోయాక ఇంకెందుకులే అనుకుని రిజిస్టర్ అటక మీద పడేస్తారు, తర్వాత ఎప్పుడో మళ్లీ నిలబడదామని వెళ్తే స్క్రూటినీలో, అంటే నామినేషన్ల పరిశీలనలో, మీది పక్కన పెడతారు.

నామినేషన్ రోజు మీకు ఒక రిజిస్టర్ ఇస్తారు గుర్తుందా, అందులో తెల్ల పేజీలు రోజువారీ ఖర్చు, పింక్ పేజీలు క్యాష్, పసుపు పేజీలు బ్యాంక్. ఈ మూడూ ఒకదానితో ఒకటి కలవాలి. తెల్ల పేజీలో టెంట్ హౌస్‌కి 8 వేలు క్యాష్ అని రాస్తే అదే రోజు పింక్ పేజీలో 8 వేలు తగ్గి కనపడాలి, ఆ క్యాష్ బ్యాంక్ నుంచి డ్రా చేసిన రోజు పసుపు పేజీలో ఉండాలి, పక్కన టెంట్ హౌస్ బిల్లు, దాని మీద మీ సంతకమో ఎలక్షన్ ఏజెంట్ సంతకమో ఉండాలి. ఒకే మనిషికి ఎలక్షన్ మొత్తం మీద 10 వేలు దాటి ఇస్తే క్యాష్ కుదరదు, చెక్ అయినా ఆన్‌లైన్ అయినా ఎలక్షన్ కోసం విడిగా తెరిచిన అకౌంట్ నుంచే వెళ్లాలి. చాలామంది ఇంటి ఖర్చుల అకౌంట్ నుంచి ఫోన్‌పే కొట్టేస్తారు, అక్కడే లెక్క చెడుతుంది. మన రెండు రాష్ట్రాల్లోనూ అసెంబ్లీ అభ్యర్థికి పరిమితి 40 లక్షలు, చిన్న అభ్యర్థులకి దాటే సమస్యే లేదు, కాగితాలు కలవకపోవడమే సమస్య.

అధికారులు మీ గురించి విడిగా ఒక షాడో రిజిస్టర్ రాసుకుంటారు, మీటింగ్‌లో ఎన్ని కుర్చీలు, ఎన్ని కార్లు, ఎంత పెద్ద ఫ్లెక్సీ అని వీడియో చూసి జిల్లా రేట్ల ప్రకారం లెక్క కడతారు. స్టార్ క్యాంపెయినర్, అంటే ప్రచారానికి పార్టీ పంపిన పెద్ద నాయకుడు వచ్చిన సభలో మీరు స్టేజ్ ఎక్కితే ఆ ఖర్చులో మీ వాటా మీ ఖాతాలో పడుతుంది. మీ లెక్కకీ వాళ్ల లెక్కకీ తేడా ఉంటే రిజల్ట్ తర్వాత 26వ రోజు సర్దుబాటు మీటింగ్ పెడతారు, దానికి తప్పకుండా వెళ్లండి, బిల్లులు పట్టుకుని వెళ్లండి, ఒప్పుకోనిది ఒప్పుకోనని రాతలో ఇవ్వండి. చివర్లో అబ్‌స్ట్రాక్ట్ స్టేట్‌మెంట్ (మొత్తం లెక్క సారాంశం), అఫిడవిట్ జతచేసి ఇచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీస్కోండి, ఒక జిరాక్స్ సెట్ ఇంట్లో, ఇంకోటి నమ్మకమైన మనిషి దగ్గర. ఎప్పుడైనా ఈసీ నుంచి నోటీస్ వస్తే జవాబుకి 20 రోజులే టైమ్, అది పాత అడ్రస్‌కి వచ్చి తిరిగిపోయిందని తర్వాత చెప్తే వినరు కాబట్టి ఇల్లు మారితే కొత్త అడ్రస్ రాసివ్వండి.

45 రోజుల గడువు ఎలక్షన్ పిటిషన్‌ది. హైకోర్టులోనే వేయాలి, రిజల్ట్ నుంచి 45 రోజులు, 46వ రోజు ఎంత మంచి కారణం చెప్పినా ఆలస్యాన్ని మన్నించే అవకాశం లేదు. కోర్టులో కట్టే సెక్యూరిటీ డిపాజిట్ 2 వేలే, లాయర్ ఖర్చు వేరే సంగతి. ఏ కారణాల మీద వేయొచ్చు అంటే డబ్బు పంచడం లాంటి అవినీతి పద్ధతులు, నామినేషన్ తప్పుగా తిరస్కరించడమో తప్పుగా ఆమోదించడమో, నియమాలు పాటించకపోవడం వల్ల ఫలితం మారిపోవడం, ఇలాంటివి. ఊరికే డబ్బు పంచారు అంటే నిలబడదు, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి అనేది పిటిషన్‌లోనే ఉండాలి. మిమ్మల్నే గెలిచినట్టు ప్రకటించమని అడిగితే పోటీ చేసిన అందర్నీ ప్రతివాదులుగా చేర్చాలి, ఒక్కరిని వదిలేసినా పిటిషన్ మొదట్లోనే కొట్టేస్తారు. కౌంటింగ్ వీడియో కావాలనుకుంటే మరీ తొందరపడాలి, 45 రోజుల్లో ఎవరూ పిటిషన్ వేయకపోతే ఫుటేజ్ తీసేయొచ్చని 2025 మేలో ఈసీ ఆదేశాలిచ్చింది.

పిటిషన్ వేసేముందు టైమ్ సంగతి కూడా నిజాయితీగా ఆలోచించండి. ఆరు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది, జరిగేది వేరు. 2018లో కొత్తగూడెంలో ఓడిన జలగం వెంకట్రావు అఫిడవిట్‌లో తప్పుడు వివరాలిచ్చారని వనమా వెంకటేశ్వరరావు మీద పిటిషన్ వేశారు, హైకోర్టు వనమా ఎన్నిక చెల్లదని, జలగం గెలిచినట్టేనని తీర్పిచ్చింది, ఎప్పుడూ, 2023 జులైలో. గద్వాలలో డీకే అరుణ కేసు కూడా అంతే, 2023 ఆగస్టులో తీర్పు ఆమె పక్షాన వచ్చింది. రెండిటి మీదా సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది, నవంబర్‌లో కొత్త ఎలక్షన్లే వచ్చేశాయి. అదే 2018లో ధర్మపురిలో 441 ఓట్లతో ఓడిన అడ్లూరి లక్ష్మణ్ కుమార్ రీకౌంటింగ్ కోసం కోర్టుకెళ్తే 2023 ఏప్రిల్‌లో స్ట్రాంగ్ రూమ్ తెరవబోతే తాళాలు దొరకలేదు. అంటే పిటిషన్ వేయొద్దని కాదు, నిజంగా అన్యాయం జరిగితే రికార్డ్‌లో ఉండాల్సిందే, అఫిడవిట్ తప్పుల మీద ఈ రెండు తీర్పులు తర్వాత పోటీ చేసేవాళ్లందరికీ హెచ్చరిక అయ్యాయి. కానీ పిటిషనే మీ రాజకీయం అనుకుని ఐదేళ్లు కూర్చోకండి. లక్ష్మణ్ కుమార్ కోర్టులో కాదు, 2023లో మళ్లీ అదే ధర్మపురిలో నిలబడి గెలిచారు.

ఇక మళ్లీ నిలబడాలా వద్దా. ఈ ప్రశ్నకి మనుషుల్ని అడక్కండి, ఓడిన నెలలో మీ చుట్టూ ఉండేవాళ్లలో సగం మంది ఓదారుస్తారు, సగం మంది ఎవరో ఒకర్ని ద్రోహి అంటారు, ఇద్దరి మాటా పనికిరాదు. ఫారం 20 తెచ్చుకోండి, మీ రాష్ట్ర సీఈవో, అంటే ముఖ్య ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో నియోజకవర్గాల వారీగా పెడతారు. ఒక్కో వరస ఒక్కో బూత్, ఒక్కో గడిలో ఒక్కో అభ్యర్థి ఓట్లు, చివర్లో నోటా, కింద పోస్టల్ బ్యాలెట్లకి విడి వరస. స్కాన్ కాపీ మసకగా ఉంటుంది, ఓపిగ్గా ఎక్సెల్‌లో ఎక్కించండి, బూత్ నంబర్, ఊరు, పోలైన ఓట్లు, మీవి, గెలిచినాయనవి, తేడా. తర్వాత మీకు వచ్చిన ఓట్ల ప్రకారం కాకుండా తేడా ప్రకారం వరసలో పెట్టండి, మొదటిసారి చూసినప్పుడు కళ్లు తెరుచుకుంటాయి, ఎందుకంటే చాలా సీట్లలో ఓటమి నియోజకవర్గమంతా సమానంగా ఉండదు, ఓ ముప్పై నలభై బూత్‌లలోనే కుప్ప పోసినట్టు ఉంటుంది, మిగతా చోట్ల మీరు పోటాపోటీగానే ఉంటారు.

ఆ బూత్‌ల పక్కన ఇప్పుడు 17సీ కాపీలు పెట్టండి. ఏ బూత్ కాపీ మీ దగ్గర లేదో అక్కడ మీ ఏజెంట్ సాయంత్రం దాకా లేడని అర్థం, లేదా అసలు ఏజెంటే లేడు. కాపీ లేని బూత్‌లూ భారీగా ఓడిన బూత్‌లూ ఒకటే అయితే మీ సమస్య జనం కాదు, మనుషుల్లేకపోవడం, అది ఐదేళ్లలో సరిచేసుకోవచ్చు. ఏజెంట్ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉన్నా, మీరు నాలుగుసార్లు తిరిగినా ఓట్లు పడని ఊళ్లు ఉంటాయి, అక్కడ జనం మిమ్మల్ని చూసే కాదన్నారు, అది వేరే పని, దానికి ఏళ్లు పడుతుంది.

ఇంకా ఒకటి, ఏపీ వాళ్లకి 2019లో, 2024లో ఎంపీ ఎలక్షన్ కూడా అదే రోజు జరిగింది కాబట్టి అదే బూత్‌లో మీ పార్టీ ఎంపీ అభ్యర్థికి ఎన్ని పడ్డాయో చూడండి. ఎంపీకి 520 పడి మీకు 430 పడితే ఆ 90 మంది పార్టీకి ఓటేశారు, మీకు వేయలేదు, క్రాస్ ఓటింగ్. అదే మీకు ఎక్కువ పడి ఎంపీకి తక్కువైతే పార్టీ కన్నా మీరు ముందున్నారు, తర్వాతసారి టికెట్ అడగడానికి అంతకన్నా బలమైన కాగితం ఉండదు. తెలంగాణలో 2023 నవంబర్ అసెంబ్లీకీ 2024 మే లోక్‌సభకీ మధ్య ఐదారు నెలలు తేడా ఉంది కాబట్టి సూటిగా పోల్చకండి, గాలి మారింది. పాత ఎలక్షన్‌తో పోల్చేటప్పుడు బూత్ నంబర్లని నమ్మొద్దు, మధ్యలో బూత్‌లు విడగొడతారు, కలుపుతారు, స్కూల్ బిల్డింగ్ పేరుతో ఊరి పేరుతో జత చేస్కోండి. మూడో అభ్యర్థి ఓట్లు, మీ గుర్తుని పోలిన గుర్తు ఓట్లు కూడా మెజారిటీ పక్కన పెట్టి చూడండి, 2019 భువనగిరి లోక్‌సభలో మెజారిటీ 5,219 అయితే కారుని పోలి ఉందని టీఆర్ఎస్ గొడవ పెట్టిన రోడ్ రోలర్‌కి 27,973 వచ్చాయి. అలాంటిది ఉంటే ఈసీకి ముందే అర్జీ పెట్టుకోవాలి, నామినేషన్లప్పుడు కాదు.

ఇంతకుముందు ఓడినవాళ్లని చూస్తే అందరిదీ ఒకే దారి కాదు. కేసీఆర్ 1983లో సిద్దిపేటలో 877 ఓట్లతో ఓడి 1985లో అక్కడే గెలిచారు, తక్కువ తేడా కాబట్టి సీటు మార్చలేదు. లోకేశ్ 2019లో మంగళగిరిలో 5,337తో ఓడి అక్కడే ఉండిపోయారు, 2024లో 91,413 మెజారిటీ. పవన్ కళ్యాణ్ 2019లో గాజువాక, భీమవరం రెండూ పోగొట్టుకుని 2024లో పిఠాపురం ఎంచుకుని 70 వేల పైచిలుకుతో గెలిచారు, సీటు మార్చడమూ దారే, పొత్తు కూడా పనిచేసింది, ఆ మాట దాచకూడదు. రేవంత్ రెడ్డి 2018లో కొడంగల్‌లో ఓడి ఆర్నెల్లు తిరక్కుండా మల్కాజిగిరి ఎంపీ అయ్యారు. బండి సంజయ్ కరీంనగర్ అసెంబ్లీలో 2014, 2018, 2023 మూడుసార్లూ ఓడారు, అదే కరీంనగర్ నుంచి ఎంపీగా 2019లో, 2024లో గెలిచారు, అసెంబ్లీ సీట్లో రాని ఓటు మిగతా సెగ్మెంట్లు కలిస్తే వచ్చింది. రఘునందన్ రావు దుబ్బాకలో రెండుసార్లు ఓడి 2020 ఉపఎన్నికలో వెయ్యి చిల్లర ఓట్లతో గెలిచి 2023లో మళ్లీ ఓడి 2024లో మెదక్ ఎంపీ. వీళ్లకి పార్టీ ఉంది, డబ్బుంది, పేరుంది, మీకు లేకపోవచ్చు, అయినా ఎంచుకునే దారులు ఇవే: అదే సీటు, వేరే సీటు, వేరే స్థాయి. చిన్న అభ్యర్థికైతే నేను కింది స్థాయే చెప్తా, జడ్పీటీసీ, మున్సిపల్ వార్డు, మీ ఫారం 20లో మీరు ఆధిక్యం తెచ్చుకున్న బూత్‌లు ఏ మండలంలో గుంపుగా ఉన్నాయో అక్కడ. గుంపుగా ఎక్కడా లేకపోతే, డిపాజిట్‌కి దగ్గరగా కూడా రాకపోతే, ఇంటి మీద అప్పు తెచ్చి రెండోసారి నిలబడకండి, ఈ మాట గట్టిగానే చెప్తున్నా, అప్పు తీర్చేది మీ భార్యాపిల్లలు.

నిలబడతారో లేదో తర్వాత సంగతి, ఈ లోపు చేయాల్సింది మాత్రం ఉంది. వారంలోపు మండలానికి ఒకరోజు చొప్పున తిరిగి మీకోసం పనిచేసినవాళ్లని ఇంటికెళ్లి కలవండి, హాల్ బుక్ చేసి మీటింగ్ పెట్టడం కాదు, ఎందుకంటే ఓడిన అభ్యర్థి ఏజెంట్‌గా కూర్చున్న కుర్రాడు మీకన్నా ఎక్కువ మాటలు పడతాడు, గెలిచినవాళ్లు వాడి వీధిలోనే ఉంటారు. బాకీలు, ముఖ్యంగా ఆటో వాళ్లవి, మైక్ సెట్ వాళ్లవి, వంటవాళ్లవి, ఆ తిరుగుడులోనే తీర్చేయండి, తీర్చినప్పుడు బిల్లు తీసుకుని ఖర్చుల లెక్కలో కలపండి, 30 రోజుల్లోపు అయితే రెండు పనులూ ఒకేసారి అవుతాయి. ఎన్నికల కోడ్ ఉల్లంఘన కేసులేమైనా మీ మీద నమోదయ్యాయేమో స్టేషన్‌లో, కోర్టులో కనుక్కోండి, ర్యాలీలో మైక్ పెట్టిన కేసు కూడా పెండింగ్‌లో ఉంటే తర్వాత నామినేషన్‌లో ఫారం 26 అఫిడవిట్‌లో రాయాలి, మీకు తెలియకుండా ఉండిపోయిన కేసు రాయకపోతే ఎదుటివాళ్లు అదే పట్టుకుంటారు. వాయిదాలకి వెళ్లి తేల్చుకోండి.

ఈ కాగితాలన్నీ ఒక ఫైల్‌లో, 17సీలు, ఫారం 20, రిజిస్టర్ జిరాక్స్, జిల్లా ఎన్నికల అధికారి ఇచ్చిన అక్నాలెడ్జ్‌మెంట్, డిపాజిట్ రసీదు, కేసుల వివరాలు. ఎలక్షన్ అకౌంట్‌లో మిగిలింది చూసి క్లోజ్ చేయించండి, తర్వాతసారి నామినేషన్‌కి కనీసం ఒకరోజు ముందు కొత్తది తెరవాలి ఎలాగూ. తర్వాత నోటిఫికేషన్ రావడానికి నెలముందు ఈసీ సైట్‌లో 10ఏ కింద అనర్హుల జాబితా తెరిచి మీ నియోజకవర్గం దగ్గర మీ పేరు లేదని చూస్కోండి, ఉంటే ఆర్డర్ తేదీ చూసి మూడేళ్లు ఎప్పటికి అయిపోతాయో లెక్కేసి అప్పుడు ప్రచారం ఖర్చు మొదలుపెట్టండి.